50 మైక్రాన్, 200 గేజ్, 2 మిల్, 46 జీఎస్ఎం: నాలుగు కొటేషన్లలో ఏ ఫిల్మ్ మందం?

పర్చేజ్_కొత్త

అందరికీ నమస్కారం. ఈమధ్యే అకౌంట్స్ నుంచి పర్చేజ్‌కి మారాను. లెడ్జర్‌లో అంకె తేడా వస్తే ఎక్కడున్నా పట్టుకుంటాను కానీ, ఈ మందాల లెక్క మాత్రం అంతు చిక్కడం లేదు.

మెషిన్ విడిభాగాలకు దుమ్ము పట్టకుండా చుట్టడానికి ఎల్‌డీపీఈ (తక్కువ సాంద్రత పాలిథిన్) ఫిల్మ్ కావాలి. నలుగురిని కొటేషన్ అడిగితే నలుగురూ నాలుగు రకాలుగా రాసి పంపారు. మొదటివారు 50 మైక్రాన్ అన్నారు. రెండోవారిది 200 గేజ్. మూడోవారు 2 మిల్ అని రాశారు, నాలుగోవారు 46 జీఎస్ఎం అని రాసి ఊరుకున్నారు. మా మేనేజర్‌కి ఇవన్నీ ఒకే కాలమ్‌లో, మందం ఎక్కువ ఉన్నది పైన, తక్కువ ఉన్నది కింద వచ్చేలా కావాలట.

నెట్‌లో వెతికితే 200 గేజ్ అంటే 50 మైక్రాన్లని ఒకచోట, 50.8 అని ఇంకోచోట ఉంది. స్టోర్స్‌లో నా పక్క సీటాయన "గేజ్ నంబర్ పెరిగితే మందం తగ్గుతుంది, రేకులు కొనేటప్పుడు చూడలేదా" అంటున్నారు. పోనీ నేనే కొలుద్దామని డిజిటల్ కాలిపర్ తీసుకుని మొదటి శాంపిల్ పట్టుకున్నాను. ఒకసారి 0.04 వచ్చింది, ఒకసారి 0.05, కాస్త పక్కకి జరిపితే 0.07. ఫిల్మ్ అలా ఉందా, కాలిపర్ అలా ఉందా?

ఎవరైనా ఓపికగా చెప్పండి. ఫార్ములా ఒక్కటే ఇచ్చి వెళ్లిపోకండి, అది ఎందుకలా అయిందో కూడా చెప్పండి.

దశాంశం

ముందు లెక్క అవగొడదాం, అది తేలికే.

మిల్లీమీటర్‌ని వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం ఒక మైక్రాన్. కాబట్టి 50 మైక్రాన్లంటే 0.050 మి.మీ. మీ కాలిపర్ మీద కనిపించిన 0.05 అదే.

మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మి.మీ.కి దీనికి సంబంధం లేదు, వినడానికి మాత్రం ఒకేలా ఉంటాయి. 2 మిల్‌ని 2 మి.మీ. అనుకుని ఆర్డర్ పెడితే ఫిల్మ్ రాదు, నేల మీద పరిచే మ్యాట్ వస్తుంది. దాదాపు నలభై రెట్ల తేడా. అంగుళం సరిగ్గా 25.4 మి.మీ. కనుక ఒక మిల్ 25.4 మైక్రాన్లు. ఇక్కడ "సుమారుగా" అనాల్సిన పని లేదు. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా కలిసి గజం అంటే 0.9144 మీటర్ అని ఒప్పుకున్నాయి. దాన్ని 36తో భాగిస్తే అంగుళం 25.4 మి.మీ. దగ్గర ఆగుతుంది.

ప్లాస్టిక్ ఫిల్మ్‌లో 100 గేజ్ అంటే ఒక మిల్. అంటే 200 గేజ్ అసలు లెక్కలో 50.8 మైక్రాన్లు. నోటి లెక్క కోసం గేజ్‌ని నాలుగుతో భాగించేస్తారు, అప్పుడు 50 వస్తుంది. మీరు చూసిన రెండు జవాబులూ అలా వచ్చినవే.

46 జీఎస్ఎం సంగతి ఇంకొకరు చెప్పాలి, అది మందం కాదు, బరువు.

లేత్_మనిషి

మీ పక్క సీటాయన చెప్పింది రేకుల వరకూ నిజమే. బ్రిటిష్ స్టాండర్డ్ వైర్ గేజ్‌లో 16 నంబర్ 1.626 మి.మీ., 20 నంబర్ 0.914, 24 నంబర్ 0.559. నంబర్ పెరిగేకొద్దీ పల్చన. తీగని ఎన్నిసార్లు అచ్చులోంచి లాగితే అంత సన్నబడుతుంది, ఆ నంబర్ల పుట్టుక అక్కడిది. ప్లాస్టిక్ ఫిల్మ్ గేజ్‌కీ దానికీ చుట్టరికం లేదు. ఫిల్మ్‌లో నంబర్ పెరిగితే మందం పెరుగుతుంది.

రేకుల్లో ఇంకో తిరకాసు ఉంది. అమెరికా పట్టికల్లో 16 గేజ్ ఉక్కు రేకు 1.5 మి.మీ. దాటుతుంది, అదే 16 గేజ్ అల్యూమినియం రేకు 1.3 కూడా రాదు. అందుకే మేం డ్రాయింగ్ మీద గేజ్ రాయనివ్వం, మి.మీ. రాయమంటాం.

కాలిపర్ విషయానికొస్తే, తెర మీద 0.01 కనిపించినంత మాత్రాన అది అంతవరకూ నిజం చెబుతుందని కాదు. మామూలు డిజిటల్ కాలిపర్‌కి ±0.02 మి.మీ. తేడా ఉంటుందని దాని కాగితం మీదే రాసి ఉంటుంది. అంటే 20 మైక్రాన్లు. మీరు కొలిచే వస్తువే 50 మైక్రాన్లు! 0.04, 0.07 రాకపోతేనే ఆశ్చర్యం.

ఫిల్మ్_ల్యాబ్

ప్లాస్టిక్‌ని కరిగించి ఫిల్మ్‌గా తీసే ఎక్స్‌ట్రూషన్ ప్లాంట్‌లో క్వాలిటీ ల్యాబ్ చూసుకుంటాను. రోజూ ఈ పనే కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నాను, విసుక్కోకండి.

జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటర్ ముక్క ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ సంఖ్య. అందులోంచి మందం రావాలంటే ఆ సరుకు సాంద్రత తెలియాలి. జీఎస్ఎంని సాంద్రతతో, అంటే ఘన సెంటీమీటర్‌కి ఎన్ని గ్రాములో దానితో భాగిస్తే నేరుగా మైక్రాన్లు వస్తాయి. ఎందుకంటే, చదరపు మీటర్ వైశాల్యంలో ఒక్క మైక్రాన్ మందం పొర పరిస్తే దాని ఘనపరిమాణం సరిగ్గా ఒక ఘన సెంటీమీటర్. నీటి పొర అయితే ఒక గ్రాము తూగుతుంది. ఎల్‌డీపీఈ సాంద్రత 0.92, అంటే ప్రతి మైక్రాన్‌కీ 0.92 గ్రాములు. 46ని 0.92తో భాగిస్తే 50.

అంటే మీ నాలుగు కొటేషన్లూ కాగితం మీద ఒకటే మందం. 50, 50.8, 50.8, 50. ఆ 0.8 తేడాకి వరుస కట్టకండి, అర్థం లేదు. మామూలు ఫిల్మ్‌కి ±10 శాతం టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) అడగడం సాధారణం, అంటే 45 నుంచి 55 వరకూ ఏది వచ్చినా "50 మైక్రానే". ఒకే రోల్‌లో ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్లేసరికి ఆ 0.8 కంటే ఎక్కువ మారిపోతుంది.

కానీ కాగితం మీద ఒకటైనంత మాత్రాన చేతిలో ఒకటి కాదు. అసలు తకరారు ఇక్కడే. నేను చూసినంతలో సప్లయర్‌తో గొడవలు గుణకారం తప్పడం వల్ల రావు, ఆ అంకె దేన్ని లెక్కపెట్టిందో అడగకపోవడం వల్ల వస్తాయి. జీఎస్ఎం రాసిన నాలుగో ఆయన్నే తీసుకోండి. 46 గ్రాములు అన్నది నిజమే కావచ్చు, మరి ఆ గ్రాములు వేటివి? అదే 46 జీఎస్ఎం హెచ్‌డీపీఈ (ఎక్కువ సాంద్రత పాలిథిన్) అయితే సాంద్రత 0.95, మందం 48. పాలిస్టర్ అయితే సాంద్రత 1.4, మందం 33కి పడిపోతుంది. ఎల్‌డీపీఈ అనే రాసి, అందులో సుద్ద లాంటి కాల్షియం కార్బొనేట్ పూరకం కలిపారనుకోండి. దాని సాంద్రత 2.7. బరువులో 20 శాతం అదే ఉంటే మిశ్రమం సాంద్రత 1.06 అవుతుంది, 46 జీఎస్ఎంకి మందం 43 మైక్రాన్లే. బరువు చూస్తే 50లా ఉంటుంది, మైక్రోమీటర్ (స్క్రూ గేజ్) పెట్టి కొలిస్తే 43. పూరకం కలపడం తప్పనడం లేదు, దానికి దాని వాడకాలున్నాయి. చెప్పి కలపాలి, అంతే.

ఇంట్లో ఉన్న సరంజామాతోనే మీరు దీన్ని పట్టుకోవచ్చు. ఒక్కో శాంపిల్ నుంచి 25 సెం.మీ. × 40 సెం.మీ. ముక్కలు పది కోయండి. ఒక ముక్క 1000 చదరపు సెం.మీ., పది కలిపితే చదరపు మీటర్. పదీ ఒకేసారి తూచితే తక్కెడలో కనిపించిన గ్రాములే జీఎస్ఎం. ఒక్క ముక్కే తూస్తే కుదరదా అంటారేమో. అది 4.6 గ్రాములు, మామూలు తక్కెడ 5 అని చూపిస్తే 54 మైక్రాన్లని నమ్మాల్సి వస్తుంది. పది ముక్కలయితే ఒక గ్రాము తేడా వచ్చినా మందంలో ఒక మైక్రాన్ మాత్రమే మారుతుంది. కోయడంలో 25 సెం.మీ. వైపు ఒక మి.మీ. అటూ ఇటూ అయినా నష్టం 0.2 మైక్రాన్.

ఆ పది ముక్కల్నే దొంతరగా పేర్చి, మధ్యలో గాలి లేకుండా అరచేత్తో అదిమి, కాలిపర్ పెట్టండి. 0.50 వస్తే పదితో భాగించి 50. కాలిపర్ తప్పు ±20 మైక్రాన్లు ఇప్పుడు పది పొరలకి పంచుకుంటుంది, ఒక్కో పొరకి ±2. దవడల్ని గట్టిగా నొక్కకండి, ఇది మెత్తటి సరుకు, నొక్కేకొద్దీ తగ్గుతుంది. స్క్రూ గేజ్ దొరికితే ఇంకా మేలు, చివర ఉండే రాట్చెట్ టిక్కుమనే వరకే తిప్పాలి.

బరువుతో వచ్చిన మందం, దొంతరతో వచ్చిన మందం రెండూ కలిస్తే సరే. కలవకపోతే వచ్చి ఇక్కడ చెప్పండి.

నిఖార్సు

చిన్న దిద్దుబాటు. మైక్రాన్ అన్న పేరు అధికారిక ప్రమాణాల్లో లేదు. 1967–68లో జరిగిన 13వ తూనికలు కొలతల సాధారణ సమావేశం దాన్ని తీసేసింది. మైక్రోమీటర్ అనాలి.

ఫిల్మ్_ల్యాబ్

నిజమేనండి. మా ల్యాబ్‌లో మైక్రోమీటర్ అడిగితే సొరుగులోంచి పరికరం తీసి చేతిలో పెడతారు, అందుకని మైక్రానే నడుస్తోంది.

డ్రాయింగ్_టేబుల్

మైక్రాన్ గుర్తు గురించి ఒక హెచ్చరిక, పర్చేజ్‌లో ఉన్నవాళ్లకి ఇది పనికొస్తుంది. ఆ గుర్తు గ్రీకు అక్షరం మ్యూ, పక్కన మీటర్‌కి వాడే ఎమ్. పాత పద్ధతిలో టైప్ చేసే కొందరు సింబల్ ఫాంట్ పెట్టి ఎమ్ కొడతారు, తెర మీద మ్యూ కనిపిస్తుంది. ఆ ఫైల్‌లోది ఇంకోచోటికి కాపీ చేశారంటే ఫాంట్ పోతుంది, మ్యూ మళ్లీ ఎమ్ అయిపోతుంది. అప్పుడు రెండు ఎమ్‌లు పక్కపక్కన ఉంటాయి, అంటే మిల్లీమీటర్. వెయ్యి రెట్ల తేడా, స్పెల్ చెక్ ఏమీ అనదు.

నేను పనిచేసిన ఒకచోట కోటింగ్ మందం 60 మి.మీ. అని పడిన స్పెసిఫికేషన్ రెండు సంతకాలు దాటి వచ్చింది. అంత దట్టమైన రంగు ఎవరూ పూయరు కాబట్టి పెయింటర్ నవ్వుకుని ఫోన్ చేశాడు. కానీ 0.5 మైక్రాన్ కావాల్సినచోట 0.5 మి.మీ. అని పడితే ఎవరికీ నవ్వు రాదు, రెండూ నమ్మేలాగే ఉంటాయి. అందుకే నేను గుర్తు వాడను, అక్షరాల్లో "మైక్రాన్" అని రాస్తాను.

జల్లెడ_ప్రశ్న

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. పొడి జల్లించే జల్లెడ మీద 200 మెష్ (అంగుళానికి 200 రంధ్రాలు) అని ఉంది. దీన్ని మైక్రాన్లలోకి మార్చే గుణకం ఏదైనా ఉందా? 25,400ని 200తో భాగిస్తే 127 వస్తోంది కానీ పట్టికలో 74 అని ఉంది.

లేత్_మనిషి

మీ 127 తప్పేమీ కాదు, అది ఒక రంధ్రం మొదలు నుంచి పక్క రంధ్రం మొదలు వరకూ ఉన్న దూరం. అందులో తీగ మందం కూడా ఉంది. తీగ 53 మైక్రాన్లయితే రంధ్రానికి మిగిలేది 74. అదే 200 మెష్‌ని సన్నటి తీగతో నేస్తే రంధ్రం పెద్దదవుతుంది. అందుకే ఒకే గుణకం అంటూ లేదు, జల్లెడ ప్రమాణం పట్టికే చూడాలి.

పర్చేజ్_కొత్త

చెప్పినట్టే చేశాను. ఫిల్మ్_ల్యాబ్ గారూ, మీకు నిజంగా థ్యాంక్స్ అండి, కానీ ఇప్పుడు టెన్షన్ పెరిగింది.

పది ముక్కల బరువులు: మొదటిది 45 గ్రాములు, రెండోది 47, మూడోది 46, నాలుగోది 47. చూసి హమ్మయ్య అనుకున్నాను. తర్వాత దొంతరలు కొలిచాను. మొదటిది 0.49, మూడోది 0.50, బాగానే ఉన్నాయి. నాలుగోది ఎన్నిసార్లు పెట్టినా 0.44. అది మిగతావాటిలా తేటగా లేదు, కాస్త పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. రెండోది 0.51.

నాలుగోది మీరు చెప్పిన సుద్ద కేసేనా? రెండోది ఓకే కదా?

ఫిల్మ్_ల్యాబ్

నాలుగోది చూడండి. 47ని 44తో భాగిస్తే సాంద్రత 1.07 దగ్గర తేలుతోంది. పూరకం లేని ఎల్‌డీపీఈ ఆ సాంద్రతకి రాదు, అది నీళ్ల మీద తేలే సరుకు. ఒక చిన్న ముక్కని నీళ్లలో వేసి బుడగలు లేకుండా వేలితో కిందికి ముంచి వదలండి. మునిగే ఉంటే అందులో బరువైనదేదో ఉంది. అది సుద్దా, తెల్ల రంగుకి వాడే టైటానియం డయాక్సైడా అన్నది ఇలా తేలదు, సప్లయర్‌నే అడగాలి. మీ పని దుమ్ము ఆపడమే కాబట్టి ఆ ఫిల్మ్ పనికిరాదని నేనను. మీ కాలమ్‌లో మాత్రం దాన్ని 50 అని వేయకండి, 44 వేయండి.

రెండోది ఓకే అనే ముందు ఒక ప్రశ్న. ఆ శాంపిల్ విడి షీటా, లేక అంచు వేలితో రుద్దితే సంచిలా తెరుచుకునే ట్యూబా?

పర్చేజ్_కొత్త

తెరుచుకుంటోంది! నేను రెండు పొరలూ కలిపే కోశానన్నమాట. అంటే నా పది ముక్కలు ఇరవై పొరలు?

ఫిల్మ్_ల్యాబ్

అదే అనుమానం. అప్పుడు ఒక్కో పొర 23.5 జీఎస్ఎం, అంటే 25.5 మైక్రాన్లు. మీ దొంతర కూడా అదే చెబుతోంది, 0.51ని ఇరవైతో భాగించండి. వాళ్లు 200 గేజ్ అన్నది రెండు పొరలూ కలిపి చెప్పిన లెక్క. మోసమనే తేల్చకండి, ట్యూబ్ అమ్మేవాళ్లలో కొందరు ఒక పొరకి చెబుతారు, కొందరు పరిచిన ట్యూబ్‌కి చెబుతారు. లామినేషన్ పౌచ్‌లలోనూ ఇదే గొడవ: 125 మైక్రాన్ అంటే సాధారణంగా ఒక వైపు షీట్ మందం, మధ్యలో కాగితం లేకుండా రెండూ కలిపి 250. జింక్ పూత రేకుల్లో తిరగేసి ఉంటుంది, చదరపు మీటర్‌కి 275 గ్రాముల పూత అంటే రెండు వైపులా కలిపి. జింక్ సాంద్రత 7.14 కనుక ఒక్కో వైపు 20 మైక్రాన్లు కూడా నిండవు.

ఆర్డర్‌లో ఇలా రాయండి: "ఒక్క పొర మందం 50 మైక్రాన్లు, ±10 శాతం. ఎల్‌డీపీఈ, పూరకం లేనిది. రోల్ వెడల్పులో ఐదు చోట్ల కొలిచిన సగటు, ఏ ఒక్క కొలతా 45 కంటే తగ్గరాదు." ఆ చివరి ముక్క వదిలేయకండి. సగటు 50 ఉంచి ఒక అంచు 38కి జారిన రోళ్లు ఉంటాయి, చుట్టేటప్పుడు అక్కడే చిరుగుతాయి.

పర్చేజ్_కొత్త

రెండో సప్లయర్‌కి ఫోన్ చేశాను. "అవునండీ, రెండు పొరలు కలిపే, అందరూ అలాగే చెబుతారు" అన్నారు. ఒక్క పొర 200 గేజ్‌కి కొత్త కొటేషన్ పంపుతానన్నారు. నాలుగోవారి ముక్క నీళ్లలో మునిగింది, వారికి మెయిల్ పెట్టాను.

ప్రస్తుతానికి కాలమ్ ఇలా ఉంది: మూడోది 50, మొదటిది 49, నాలుగోది 44, రెండోది 25.5. మేనేజర్ చూసి, పక్కన "ఎంత బలం" అని ఇంకో కాలమ్ కలపమన్నారు. మందం ఎక్కువైతే బలం ఎక్కువని అదే వరుస వేసేయొచ్చా?

ఫిల్మ్_ల్యాబ్

వేయకండి. ఎల్‌ఎల్‌డీపీఈ (లీనియర్ రకం తక్కువ సాంద్రత పాలిథిన్) కలిపిన 40 మైక్రాన్ల ఫిల్మ్ గుచ్చితే, మామూలు ఎల్‌డీపీఈ 50 కంటే ఎక్కువ తట్టుకోవచ్చు. దానికి డార్ట్ ఇంపాక్ట్ (ఫిల్మ్ మీద బరువు పడేసి చూసేది), తన్యబలం (లాగితే ఎంత తట్టుకుంటుందో చూసేది) టెస్ట్ రిపోర్టులు అడగాలి. వాటిలో గ్రాములు, మెగాపాస్కల్‌లు వస్తాయి. రిపోర్టులు వచ్చాక కొత్త థ్రెడ్ పెట్టండి, చూద్దాం.